హోటలు పేరు కాదు, గంట చూడండి

(కడపలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినది. తడబాట్లు తప్ప ఏమీ తీసేయలేదు.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడినోళ్లు ముందుకు రండన్నా, కుర్చీలు ఖాళీగానే ఉండాయి. కూర్చొని వినే మాటలే ఇవి, తొందరేం లేదు.

మన జిల్లాల్లో ఎవరిని కదిలించినా ఒకటే ప్రశ్న. ఏ హోటలు బాగుంటాది? కడపకు చుట్టాలొస్తే అదే ప్రశ్న, కర్నూల్లో బస్సు దిగితే అదే ప్రశ్న, అనంతపురం పెండ్లికి పోయి ఒక పూట మిగిలిపోతే అదే ప్రశ్న. ఆ ప్రశ్నే తప్పు అంటాను. ఏ హోటలు అని కాదు, ఏ గంటకు అని అడగాల. అదే కారం దోశ పొద్దున ఎనిమిదికి ఒక రుచి, పదకొండున్నరకు ఇంకో రుచి. పెనం అదే, పిండి అదే, పోసే మనిషీ అదే. మరి ఎందుకు మారింది? ఆ ఎందుకు అనేదే ఈ పూట మాట్లాడుకుందాం.

ముందు కారం దోశ. కడపలో నిలబడి వేరేదానితో మొదలుపెడితే మీరు ఊరుకోరు గదా. దీంట్లో దోశ కంటే కారం ముఖ్యం. ఎర్రకారంలో ఏముంది? పన్నెండు ఎండుమిరక్కాయలకు మధ్యరకం ఎర్రగడ్డలు రెండు, ఏడెనిమిది తెల్లగడ్డ పాయలు, ఉప్పు. అంతే. మిరక్కాయలు వేడినీళ్లలో అరగంట నానాల. నానకుండా రుబ్బితే తోలు నలగదు, దోశ మీద ఎర్ర తునకలుగా కనపడతాది, తినేటప్పుడు అంగిట్లో అతుక్కుంటాది. అన్నీ పచ్చివే రుబ్బుతారు, పొయ్యి మీద పెట్టేది లేదు. గంట లెక్క మొదలయ్యేది ఈడే. రుబ్బిన పచ్చి ఎర్రగడ్డ మొదటి గంట రెండు గంటలు బాగుంటాది. తర్వాత నీరు వదులుతాది, వాసన తిరుగుతాది, చేదెక్కుతాది. పెనం పక్కన కారం గిన్నె ఉంటాది గదా, దాన్ని చూడండి. అంచు చుట్టూ ఎర్రనీళ్లు తేలి, నడిమిలో కారం గడ్డగా కూర్చుందంటే అది పొద్దున అయిదుకు రుబ్బింది. తొమ్మిదింటప్పుడు కూడా లోపల మిక్సీ చప్పుడు వినపడిందా, ఇంకేమీ అడగబాకండి, కూర్చోండి.

ఇంక పోసే పద్ధతి. పెనం మీద నీళ్లు చిలకరిస్తే చుక్కలు గుండ్రంగా ఉరుకులాడాయంటే పెనం మరీ వేడెక్కినట్టు. అప్పుడే పిండి పోస్తే గరిటెకు అంటుకొని లేచొస్తాది, దోశ చినుగుతాది. అందుకే దోశ మాస్టరు ఎక్కువ నీళ్లు చల్లి, చీపురుతో తుడిచి, వేడి దించి పోస్తాడు. అది శుభ్రం కోసమే అనుకుంటారు చానామంది. కాదు, వేడి దించేదానికి. పిండి పోసినాక పైన బొక్కలు పడి, తడి సగం ఆరినప్పుడు కారం పూయాల. ముందే పూస్తే కారం పిండిలో కలిసి రొట్టె మాదిరి అయిపోతాది. పూర్తిగా ఆరినాక పూస్తే పచ్చి వాసన పోదు. పూసినాక నూనో నెయ్యో చుట్టూ వేసి, కనీసం నిమిషం కాలనియ్యాల. పప్పుల పొడి, అదే పుట్నాల పొడి, ఆఖర్న చల్లాల, అది ఆ నూనెను పీల్చుకోవాల. పొడి ముందు, కారం తర్వాత వేసేవాళ్లు కూడా ఉండారు. పొడి అడుగున తడిసి ముద్దయిపోతాది, అది వేసినట్టే తెలీదు.

జనం ఎక్కువైనప్పుడు ఏమవుతాది? పెనం మీద ఒకేసారి ఎనిమిది పోస్తారు. అంచుల్లో ఉన్న వాటికి వేడి చాలదు, నడిమివి మాడతాయి. ఆదివారం తొమ్మిదిన్నరకు పోయి, "ఈ హోటలు పడిపోయిందప్పా" అని తీర్పు చెప్పబాకండి. మంగళవారం ఏడున్నరకు పోయి చూడండి.

నెయ్యి కారం దోశ అని ఇరవై ముప్పై రూపాయలు ఎక్కువ తీసుకుంటారు. నెయ్యో డాల్డానో తినేటప్పుడు తెలీకపోవచ్చు, ఎర్రకారం ఘాటు ముందు వాసన నిలబడదు. తిన్నాక తెలుస్తాది. నెయ్యి నోట్లో వేడికి కరిగి పోతాది. డాల్డా అంగిట్లో మైనం పూసినట్టు ఉండిపోతాది, నీళ్లు తాగితే ఇంకా గట్టిపడతాది. వేడి కాఫీ తాగితే గాని వదలదు.

బొంబాయి చట్నీ గురించి రోంత. శనగపిండి నీళ్లలో కలిపి ఉడికించింది అది. చల్లారేకొద్దీ చిక్కబడతాది. చిక్కబడినప్పుడల్లా గ్లాసు నీళ్లు పోసి తిప్పేస్తారు, మళ్లా ఉడికించరు. పదిన్నరకు పోతే ఎర్రగడ్డ ముక్కలు అడుగున, పసుపునీళ్లు పైన. ఆ టైముకు శనక్కాయల చట్నీ అడగండి, అది అంత చెడదు.

ఎర్రగా ఉంటే కారం ఎక్కువని కొందరు భయపడతారు. రంగు వేరు, మంట వేరు. కర్ణాటక నుంచి వచ్చే బ్యాడిగి మిరక్కాయ ముడతలు ముడతలుగా ఉంటాది చూడండి, రంగు ఎక్కువిస్తాది, మంట తక్కువ. తెలిసినోళ్లు బ్యాడిగి ఎక్కువ, గుంటూరుది తక్కువ కలిపి నానబెడతారు. తెలీనోళ్లు, లేకపోతే లెక్క చూసుకునేవాళ్లు, చౌక మిరక్కాయ వేసి రంగు పొడి కలుపుతారు. ఎట్ల కనుక్కోవాల? మిరక్కాయ రంగు నూనెలో కరుగుతాది, నీళ్లలో కరగదు. రంగు పొడి చానావరకు నీళ్లలో కరుగుతాది. గ్లాసులో నీళ్లు తీసుకొని చిటికెడు కారం వదలండి. ఎర్రని దారాలు దారాలుగా కిందికి దిగిందా, రంగు. తునకలు తేలుతూ మునుగుతూ నీళ్లు పెద్దగా మారలేదా, మిరక్కాయ. బిరియానిలో, కబాబులో కృత్రిమ రంగులకు మన దేశంలో అనుమతి లేదు. పక్కన కర్ణాటకలో 2024లో గోబీ మంచూరియాకు, ఆ తర్వాత కబాబులకు రంగు వాడకూడదని మళ్లా గట్టిగా ఉత్తర్వులిచ్చారు. ఈడ మనం ఎర్రగా లేకపోతే "ఏమన్నా, మసాలా వేయలేదా" అని మనమే అడుగుతాం. అడిగేది మనం, కలిపేది వాళ్లు. తప్పు సగం మనదే.

సరే, కర్నూలు, అనంతపురం పోదాం. ఆడ పొద్దున్న ఉగ్గాని బజ్జీ. ఉగ్గాని అంటే బొరుగులు, అవే మరమరాలు, నానబెట్టి తిరగమోతలో కలిపింది. కన్నడంలో ఒగ్గరణె అంటే తిరగమోత, ఉగ్గాని దానికి చుట్టమే. చూసేదానికి ఇంత సులభమైన టిఫిను లేదు, చెడగొట్టేదానికి కూడా ఇంత సులభమైంది లేదు. బొరుగులు నీళ్లలో వేసి, అణిచి, రెండు మూడు నిమిషాల్లో పిండేయాల. అయిదు నిమిషాలు దాటినాక పిండితే పేస్టు వస్తాది. తిరగమోతలో ఎర్రగడ్డ, పచ్చిమిరక్కాయ, టమోటా, పసుపు మగ్గినాక బొరుగులు వేసి, మంట తీసేసినాక పప్పుల పొడి, ఎండుకొబ్బరి కలిపి, దించినాక నిమ్మకాయ పిండాల. పొయ్యి మీద ఉండంగానే నిమ్మకాయ పిండితే చేదొస్తాది. ఇది చేసిన ఇరవై నిమిషాల్లో తినాల్సిందే. ఎందుకంటే పప్పుల పొడి తడి లాగుతానే ఉంటాది. గంటయితే బొరుగు గొంతులో దిగదు. అప్పుడేం చేస్తారు? పైన ఉడుకునీళ్లు చిలకరించి కలియబెడతారు. మెత్తగా కనపడతాది, తింటే చప్పగా ఉంటాది. పెద్ద గుండిగ నిండా చేసిపెట్టుకున్న చోటు కంటే చిన్న బాణలిలో మాటిమాటికి చేసే బండే మేలు. కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల అయినా, అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర అయినా ఇదే లెక్క. బండికి పేరుండాల్సిన పని లేదు, బాణలి చిన్నదిగా ఉంటే చాలు.

దాని పక్కన బజ్జీ. మిరక్కాయ చీల్చి లోపల వాము, ఉప్పు, చింతపండు పెడతారు. జనం ఎక్కువుండే చోట సగం వేయించి గంపలో పెట్టుకొని, అడిగినప్పుడు మళ్లా నూనెలో వేస్తారు. ఇది మోసమేం కాదు, పద్ధతే. అయితే రెండోసారి నూనె బాగా కాగుండాల. కాగకపోతే బజ్జీ నూనె తాగుతాది. కాగితం మీద పెట్టి అదమండి, కాగితం అవతలి వైపుకు నూనె దిగిందంటే అది రెండోసారి చల్లని నూనెలో మునిగింది.

నూనె మాటొచ్చింది కాబట్టి చెప్తా. కొత్త నూనెలో బజ్జీ వేస్తే బుడగలు పెద్దగా వస్తాయి, టపటపా పగిలిపోతాయి. పాత నూనెలో సబ్బు నురగ మాదిరి సన్నగా, అంచుదాకా లేస్తాది, తొందరగా అణగదు. పొగ కూడా ముందే వస్తాది. వాడిన నూనెలో చెడిన పదార్థాలు 25 శాతం దాటితే వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. బండి దగ్గర దాన్ని కొలిచేది ఎవరు? నురగే మన కొలత. సాయంత్రం నాలుగున్నరకు మొదటి వాయి తినండి, రాత్రి తొమ్మిదికి ఆఖరి వాయికి పోబాకండి.

ఇప్పుడు మధ్యాన్నం. బిరియానికి పోదామా, సంగటికి పోదామా? చేతులెత్తండి చూద్దాం. సంగటే ఎక్కువ. మంచిది, బిరియాని రెండు ముక్కల్లో కానిచ్చేస్తా.

దమ్ బిరియాని డేగిసా మూత పన్నెండు, పన్నెండున్నరకు తీస్తారు. మూత తీసిన గంటలోపల తినండి. మూడింటికి మిగిలింది అడుగు, ఉప్పు, ముక్కలైపోయిన మసాలా. పెట్టే మనిషి సాసరుతో పై పై గీకి పెడితే తెల్ల మెతుకులే వస్తాయి. అంచు నుంచి నిట్టనిలువుగా అడుగుదాకా దించి తీయమని అడగండి, తప్పులేదు. ఫ్రై పీస్ బిరియాని అనేదాన్ని నేను బిరియాని లెక్కలో వేయను. అన్నం ఒకచోట, ముక్క ఒకచోట పుట్టి ప్లేటులో మొదటిసారి కలుసుకుంటాయి. అదేం పెండ్లి? దాంతోపాటు దాల్చా పెట్టే చోటు దొరికితే వదలబాకండి. సొరకాయ, బేడలు, ఎముకలు కలిపి ఉడికించిన దాల్చా ముందు ఆ పల్చని షేర్వాలు ఎందుకూ పనికిరావు. ఇంకొకటి, ఇది రుచి మాట కాదు, ఆరోగ్యం మాట. వండిన అన్నం గోరువెచ్చగా గంటలకొద్దీ ఉంటే దాంట్లో పెరిగే కంటికి కనపడని సూక్ష్మజీవి ఒకటుంది, అది వదిలే విషం మళ్లా వేడి చేసినా పోదు. వేడిది 60 డిగ్రీల పైన ఉండాల, చల్లనిది 5 లోపల ఉండాల. సాయంత్రం అయిదింటికి "బిరియాని ఉందా" అని అడిగితే ఉందనేస్తారు. ఉంది, ఎప్పటిది అనేదే ప్రశ్న.

ఇంక సంగటి. రాగి సంగటి అని బోర్డు లేని హోటలు ఇప్పుడు మన రోడ్ల మీద లేదు. బోర్డుంది, సంగటి ఉందా? ఇంట్లో లెక్క అందరికీ తెలిసిందే. బియ్యం ఒక గ్లాసు, నీళ్లు నాలుగున్నర అయిదు, అన్నం మెత్తబడినాక రాగిపిండి గ్లాసున్నర. పిండి పైన కుప్పగా పోసి, కట్టెతో నడిమిలో గుంత చేసి, మూత పెట్టి సన్నమంట మీద పదినిమిషాలు ఆవిరికి వదిలేయాల. కలపకూడదు. ఈ పదినిమిషాలే ప్రాణం. ఆ తర్వాత దించి కట్టెతో గెలకాల, భుజం నొప్పి పుట్టేదాకా. పోయంగానే కలిపేస్తే పిండి పైన తడిసి లోపల పొడిగా ఉండలు కడతాది, ముద్ద విరిస్తే తెల్లని పొడి కనపడతాది. ఆవిరి చాలకపోతే పచ్చి వాసన.

హోటల్లో ఏం చేస్తారు? బియ్యం రెండింతలు, పిండి సగం. గెలకడం సులభం, గట్టిపడదు, ఖర్చు కూడా కలిసొస్తాది. అట్లాంటి ముద్ద లేత చాక్లెట్ రంగులో, మెతుకులు కనపడతా ఉంటాది, పంటికి అంటుకుంటాది. మంచి ముద్ద ముదురు రంగు, పైన నున్నగా మెరుస్తా ఉంటాది. వేలు తడిచేసి తాకండి, అంటకూడదు. ముద్దకు పైన పగుళ్లు వచ్చాయంటే చేసి గంట దాటింది. తడిగుడ్డ కప్పి పెట్టినా గంటన్నర కంటే నిలవదు. అందుకని మధ్యాన్నం ఒంటిగంట లోపల, రాత్రి ఎనిమిది ప్రాంతంలో. నాలుగింటికి సంగటి అడిగేవాళ్లను చూస్తే నాకు జాలేస్తాది. సంగటి నమలేది కాదనే సంగతి మీకు చెప్పాల్నా? పులుసులో ముంచి మింగేది. నమిలితే దాని బంకతనమే తెలుస్తాది, రుచి తెలీదు.

దాంట్లోకి నాటుకోడి. ఈడ మోసపోయేవాళ్లు ఎక్కువ. హోటల్లో నాటుకోడి అని పెట్టేది చానా చోట్ల గుడ్లు మానేసిన ముదురు లేయర్ కోడి. అదీ గట్టిగానే ఉంటాది, అదీ సేపు ఉడుకుతాది, అందుకే మనం నమ్మేస్తాం. తేడా యాడ పట్టాల? తోలు చూడండి. నాటుకోడిని బొచ్చు తీసినాక మంట మీద కాల్చి, పసుపు రుద్ది, తోలుతోనే కొడతారు. ఆ కాల్చిన వాసన పులుసులో తెలుస్తాది. ఎముక సన్నగా ఉంటాది, గట్టిగా ఉంటాది. కాలి కండ రంగు ముదురుగా ఉంటాది. లేయర్ కోడి పులుసు మీద పసుపుపచ్చని కొవ్వు మందంగా తేలుతాది. బ్రాయిలర్ అయితే అనుమానమే అక్కర్లేదు, ఎముక వేళ్లతో విరిగిపోతాది. పులుసు చిక్కగా ఉంటే సంతోషపడిపోబాకండి. ఎండుకొబ్బరి, గసగసాలు, ధనియాలు నూరి వేస్తే వచ్చే చిక్కదనం వేరు, పప్పుల పొడి కలిపి తెచ్చిన చిక్కదనం వేరు. రెండోది చల్లారంగానే గడ్డకట్టి గరిటె నిలబడతాది. తునకలు నచ్చకపోతే శనక్కాయలతో చేసే ఊరిబిండి పచ్చడితో తినండి, శనక్కాయలు మాడకుండా వేయించుంటే దాన్ని మించింది లేదు.

రాత్రి భోజనం గురించి చానా చెప్పేది లేదు. ఏసీ గది, అట్ట వేసిన మెనూ పుస్తకం, నూట ఇరవై రకాలు. లోపల ఎంతమంది వంటోళ్లు? నలుగురు. నలుగురు నూట ఇరవై రకాలు ఎట్ల చేస్తారు? ఎర్ర గ్రేవీ ఒకటి, ఎర్రగడ్డ టమోటాది. తెల్ల గ్రేవీ ఒకటి, జీడిపప్పుది, లేకపోతే కర్బూజ గింజలది. పొద్దున్నే బకెట్లలో చేసి పెడతారు. పనీర్ వేస్తే ఒక పేరు, పుట్టగొడుగులు వేస్తే ఒక పేరు, రెండు గ్రేవీలూ కలిపితే షాహీ. కడపలో కూర్చొని, బయట కారం దోశ పెట్టుకొని, పనీర్ బటర్ మసాలాకు మూడొందలిచ్చేవాళ్లను ఏమనాలో నాకు తెలీదు. తినబాకండి అనను. మీ ఇష్టం. మెనూలో ఒక పేజీ మాత్రమే ఉన్న చోట ఆ పేజీ మీద ఉన్నవన్నీ ఆ పూటవే అయ్యుంటాయి, అంతే నేను చెప్పేది.

బిల్లు గురించి ఒక అన్న చీటీ పంపించాడు. మామూలు హోటల్లో జీఎస్టీ 5 శాతం, రెండున్నర రెండున్నరగా రెండు వరసల్లో ఉంటాది. 2017 నవంబరు నుంచి అదే. చిన్న హోటళ్లు కొన్ని కాంపొజిషన్ పద్ధతిలో ఉంటాయి, వాళ్లు మన దగ్గర పన్ను వసూలు చేయకూడదు, వాళ్లే కట్టుకోవాల. బిల్లు మీద జీఎస్టీ నంబరు లేకుండా పన్ను వేసుంటే అడగండి. సర్వీస్ ఛార్జి అని దానంతటది వేయకూడదని 2022 జులైలో వినియోగదారుల రక్షణ సంస్థ చెప్పింది, తీసేయమంటే తీసేయాల్సిందే. వినకపోతే 1915కు ఫోను చేయండి. హోటలు గోడ మీద పద్నాలుగు అంకెల ఆహార లైసెన్సు నంబరు కూడా కనపడేటట్టు ఉండాల. సరే, పన్నుల మాట చాలు, ఆకలి చచ్చిపోతాది.

ఏమక్కా? పార్శిలా? మంచి ప్రశ్నే. కారం దోశ పార్శిలుకు పనికిరాదు అని తెగేసి చెప్పాలని ఉంది. మడిచి పొట్లం కట్టంగానే లోపలి ఆవిరికి దోశ మెత్తబడి, కారం నీరు వదిలి, ఇంటికి పోయేసరికి ముద్ద. తప్పదనుకుంటే కారం, పొడి వేరే కట్టించుకోండి, ఒట్టి దోశ తీసుకోండి. పొట్లం కట్టేముందు రెండు నిమిషాలు ఆకు మీద ఆరబెట్టమనండి. ఇంట్లో పెనం వేడిచేసి, దోశ వేసి, కారం పూసి, నూనె చుక్కలు వేసి నిమిషం కాల్చుకుంటే ముక్కాలు భాగం దక్కుతాది. ఉగ్గాని అయితే పప్పుల పొడి, నిమ్మకాయ విడిగా అడగండి. సంగటి ప్లాస్టిక్ డబ్బాలో వద్దు, అడుగున నీళ్లూరతాయి. అరిటాకులో చుట్టి, పైన తడిగుడ్డ. పులుసు పల్చని కవర్లో కాగకాగ పోసి ముడి వేస్తారు చూడండి, అది మాత్రం ఒప్పుకోబాకండి, ఇంటి నుంచి స్టీలు క్యారియరు తీసుకుపోండి. క్యారియరు తీసుకుపోతే ఇంకో లాభం కూడా ఉంది, గరిటె ఇంకోటి ఎక్కువ పడతాది.